ఉన్నత పాఠశాలలలో సమన్వయ క్షేత్రాధ్యయనము: సరూర్‌నగర్ చెరువు

విద్యార్థులను తరగతిగది వెలుపలికి కొనిపోయి, కన్నులతో చూచి, చేతులతో కొలిచి, పెద్దలనోట విని నేర్చుకొనునట్లు చేయుటను క్షేత్రాధ్యయనమందురు. ఒక్క పాఠ్యవిషయమునకు గాక పెక్కింటికి ఒకే క్షేత్రమును ఆధారముగా గైకొన్నచో దానిని సమన్వయ క్షేత్రాధ్యయనమనవచ్చును. పేరు కొంత బరువైనదే గాని విషయము తేలికయైనది. చెరువుకట్టమీద నిలిచిన బాలుని యెదుట ఉన్నది చెరువు. అందు గణితము ఒక మూలను, చరిత్రము వేరొక మూలను, జీవశాస్త్రము మరియొక మూలను ఉండవు. వానిని విడదీసినది పాఠశాల కాలపట్టిక. ఆ విభజన బోధనసౌకర్యమునకు అవసరమే. కాని విభజించినవానిని మరల కలిపి చూపు తావు ఒకటైనను లేకున్నచో, విభాగములే సత్యములని విద్యార్థి భ్రమపడును.

ఈ పేర జరుగు యాత్రలలో ఒక లోపము తరచుగా కానవచ్చుచున్నది. ప్రతి ఉపాధ్యాయుడును తన ప్రశ్నల పట్టికను తాను సిద్ధము చేసికొని వచ్చును. జీవశాస్త్రము వారికి పది మొక్కల పేర్లు కావలెను. సాంఘికశాస్త్రము వారికి కట్టించిన రాజు పేరు కావలెను. గణితము వారు పొడవు వెడల్పులు కొలిపింతురు. విద్యార్థులు ఐదు కాగితములు నింపి ఐదుగురికి అప్పగింతురు. తరగతిగదిలోని గోడలను మోసికొనిపోయి చెరువుకట్టమీద నిలిపినట్లే గాని ఇందు సమన్వయమేమియు లేదు. చివరకు తెలుగు ఉపాధ్యాయుని వంతు వచ్చును. 'మీరు చేసిన విహారయాత్రను గూర్చి ఒక వ్యాసము వ్రాయుడు' అని ఆయన ఆదేశించును. ప్రొద్దుననే లేచుటతో మొదలై, సాయంకాలము సంతోషముతో ఇల్లు చేరుటతో ముగియు ఆ వ్యాసములను దిద్దిన ఉపాధ్యాయ మిత్రులకు వాని రుచిని మేము చెప్పనక్కరలేదు.

ఇట్టి అధ్యయనమునకు ముందుగా ఉండవలసినది పట్టిక కాదు, ఒక ప్రశ్న. ఏ ఒక్క పాఠ్యవిషయమును ఒంటరిగా సమాధానము చెప్పజాలని ప్రశ్న. అది దొరికిన పిదప ఏ శాస్త్రము ఎచ్చట అవసరమో ఆ ప్రశ్నయే చెప్పును. ఆ ప్రయత్నమున తెలుగు ఉపాధ్యాయుని పాలు చివరి వ్యాసము కాదని, మొదటినుండియు ఆయనకు పని గలదని నిరూపించుటకే ఈ వ్యాసము నుద్దేశించితిమి.

ఆలోచన మనకు కొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీమహాత్ముని అధ్యక్షతన జరిగిన విద్యాసభ, హైదరాబాదున జన్మించిన జాకిర్ హుసేను అధ్యక్షుడుగా ఒక సంఘమును నియమించెను. చేతిపని, భౌతిక పరిసరము, సామాజిక పరిసరము అను మూడింటితో పాఠ్యవిషయములను అనుసంధించుట ఆ సంఘము రూపొందించిన విద్యావిధానమునకు ప్రాణము. అంతకుముందే స్కాట్లండు దేశీయుడగు ప్యాట్రిక్ గెడ్డెస్ ఏ ప్రదేశమునైనను స్థలము, వృత్తి, జనము అను మూడు దృష్టులతో ఏకకాలమున చూడవలెనని బోధించెను. ఆయన మొదట జీవశాస్త్రజ్ఞుడు, తరువాత నగరనిర్మాణవేత్త, 1919 నుండి కొన్ని సంవత్సరములు బొంబాయి విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రాచార్యుడు. ఇంగ్లండులో క్షేత్రాధ్యయనమునకే ప్రత్యేక మండలి 1943లో ఏర్పడెను. మన దేశమున 1952-53 నాటి ముదలియారు సంఘము, 1964-66 నాటి కొఠారి సంఘము, చదువుల భారమును గూర్చి 1993లో నివేదిక నిచ్చిన యశ్‌పాల్ సంఘము, 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము, 2020 నాటి జాతీయ విద్యావిధానము, అన్నియు బడిచదువును బడివెలుపలి జీవితముతో కలుపవలెననియే చెప్పినవి. చివరిది ఆరు మొదలు ఎనిమిది తరగతుల వారికి పుస్తకాల సంచి లేని పది దినములను గూడ విధించినది. సంఘములన్నియు ఏకవాక్యముగా చెప్పినదియు, పాఠశాలలు ఏకవాక్యముగా విడిచిపెట్టినదియు ఇంతకంటె వేరొకటి లేదేమో! చెప్పిన మాటలలో కొరత లేదు. ఒక బడి, ఒక ఊరు, ఒక దినము అను కొలతలో ఏమి చేయవలెనో చెప్పిన వ్రాతలే తక్కువ. కావున మేము ఒక్క తావును ఎన్నుకొనుచున్నాము.

హైదరాబాదు నగరమునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల నడుమ, విజయవాడ రహదారికి దక్షిణమున సరూర్‌నగర్ చెరువు గలదు. కుతుబ్‌షాహీల కాలమున, 1626లో, ఇది నిర్మింపబడినదని చెప్పుదురు. నేటి వైశాల్యము సుమారు 99 ఎకరములు. ఒకప్పుడు దీని క్రింద పొలములు సాగయ్యెను. నగరము పెరిగినకొలది పొలములు ఇండ్లస్థలములైనవి, కాలువలు మురుగుకాలువలైనవి. 2003-04 ప్రాంతమున హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ చెరువును శుభ్రపరచి కట్టను తీర్చిదిద్దెను. ప్రతి సంవత్సరము గణేశ విగ్రహముల నిమజ్జనము ఇచట పెద్దయెత్తున జరుగును. ఈ చుట్టుపట్ల బడులకు ఇది నడకదూరము. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రోమార్గము తెరచిన పిదప దూరపు బడులకును అందుబాటులోనికి వచ్చినది.

ఈ చెరువును చూచి అడుగదగిన ప్రశ్న ఏది? 'చెరువు నిండినచో మిగులు నీరు ఎటు పోవును?' అనునది మా ఎన్నిక. పసిపిల్లవాడును అడుగగల ప్రశ్న. అయినను సమాధానము కొరకు నేల వాలు తెలియవలెను, వాన కొలత తెలియవలెను, ఊరి చరిత్ర తెలియవలెను, కొన్ని మాటలు తెలియవలెను. ఈ ప్రాంతమున ఇది కేవల జిజ్ఞాస గాదు. 2020 అక్టోబరు 13న ఒక్క దినములో బేగంపేట కేంద్రమున సుమారు 19 సెంటీమీటర్ల వాన నమోదయ్యెను. నగరపు తూర్పు భాగమున కొన్ని తావులలో అది 25 సెంటీమీటర్లను మించెను. చెరువు దిగువనున్న కోదండరాంనగర్ మొదలగు కాలనీలు దినముల తరబడి నీటిలో నుండెను. నేడు ఉన్నత పాఠశాలలో చదువు పిల్లలలో ఆ నీటిని పసితనమున తమ ఇంటి మెట్లమీద చూచినవారు గలరు. నీరు తమ వీథికే ఎందుకు వచ్చినదో వారిలో ఎందరు చెప్పగలరు? చెప్పలేకుండుటకు కారణము భూగోళపాఠము లేకపోవుట కాదు. పాఠమున నున్నది వేరొకచోటి నది, వేరొకచోటి వరద.

మొదట నేలను చూడవలెను. హైదరాబాదు పరిసరములు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి నల్లసేనపు, గులాబిరంగు శిలలమీద నిలిచినవి. రాతిమీది మట్టిపొర పలుచన. పడిన వాన లోతుకు ఇంకుట తక్కువ, వాలువెంట పరుగిడుట ఎక్కువ. అందుచేతనే పూర్వులు ప్రతి పల్లమునకు అడ్డముగా కట్ట వేసిరి. ఎగువ చెరువు నిండి పొరలిన నీరు దిగువ చెరువునకు చేరునట్లు కూర్చిరి. గొలుసుకట్టు చెరువులని తెలంగాణమున వ్యవహరించునది దీనినే. గొలుసులో ఒక కడియము తెగినచో క్రిందివానికి ముప్పు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద ఇట్టిదే. ఆ వరదకు కారణములు వెదకిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నదికి నీరిచ్చు ప్రాంతమున 788 చెరువు లుండగా వానిలో 221 తెగినట్లు గుర్తించెను. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు ఆ వరద ఫలితముగా వెలసినవియే. చరిత్రపాఠమున ఈ రెండు పేర్లును తేదీలుగా వచ్చును. కట్టమీద నిలిచి, గొలుసును మనసున ఉంచుకొని విన్నప్పుడు అవి కారణములుగా వచ్చును.

గణితమునకు ఇచట కావలసినంత పని గలదు. తెలంగాణమున నేలను గుంటలలోను ఎకరములలోను, ఇండ్లస్థలమును గజములలోను కొలుతురు. గుంటకు 121 చదరపు గజములు, ఎకరమునకు 40 గుంటలు. అనగా 99 ఎకరములు 3,960 గుంటలు, లేదా 4,79,160 చదరపు గజములు. ఇంటిలో '200 గజాల ప్లాటు' అనుమాట వినని పిల్లవాడు ఈ ప్రాంతమున ఉండడు. ఒక ఎకరమున అట్టివి, దారులు విడువనిచో, ఇరువదినాలుగు మాత్రమే పట్టునని తానే లెక్కించి తెలిసికొన్నచో వైశాల్యమన్న మాటకు అర్థము స్థిరపడును. పిదప వాన లెక్క. చెరువు సుమారు 40 హెక్టారులు. దాని నీటిమీద నేరుగా 10 సెంటీమీటర్ల వాన పడిన 40,000 ఘనమీటర్లు, అనగా నాలుగు కోట్ల లీటర్లు. ఇది చెరువుమీద పడినది మాత్రమే. చుట్టునుండి దిగివచ్చునది ఇందుకు ఎన్నోరెట్లు.

అదే వాన 200 గజముల ఇంటికప్పుమీద పడిన ఎంత? సుమారు 16,700 లీటర్లు. నగరమున నీళ్లు తెచ్చు టాంకరు 5,000 లీటర్లదైనచో మూడు టాంకర్లకు పైబడిన నీరు. ఆ స్థలము పొలముగా ఉన్ననాడు ఆ నీటిలో కొంత మట్టిలో ఇంకెడిది, కొంత మడిలో నిలిచెడిది. కప్పుగా మారిన పిదప గొట్టమువెంట గడియలో వీథికి చేరుచున్నది. ఈ వీథిలో ఇట్టి ఇండ్లెన్ని, ఈ కాలనీలో ఎన్ని అని లెక్కింప మొదలిడిన విద్యార్థికి తన ఇల్లును వరదలో ఒక పాలు అని తెలియును. మేమెరిగినంతలో ఏ పాఠ్యపుస్తకమును ఇంత నిష్కర్షగా ఈ మాటను చెప్పలేదు.

వాలును కొలుచుటకు ఖరీదైన యంత్రములు అక్కరలేదు. ఇల్లు కట్టు మేస్త్రీలు తెల్లని గొట్టములో నీరు నింపి మట్టము చూతురు. రెండు కొనలలోని నీరు ఒకే మట్టమున నిలుచునను భౌతికసూత్రమే దానికి ఆధారము. ఇరువురు పిల్లలు గొట్టపు రెండు కొనలను పట్టుకొని, రెండు బద్దలమీద ఎత్తులు గుర్తించుచు, కట్టదిగువనుండి వీథులవెంట అంచెలుగా పోయినచో నేల ఎటు వాలుచున్నదో గీత గీయవచ్చును. ఉత్తరమున మూసీ. మిగులు నీరు పోవలసినది అటే. నడుమ ఏమి లేచినవో, కాలువ ఎచ్చట ఇరుకైనదో ఆ గీతయే చూపును. ఒక మేస్త్రీని పిలిచి ఈ పనిని ఆయనచేతనే నేర్పించుట మేలు. వృత్తిపనివారు గురువులుగా బడికి వచ్చు సందర్భములు మనకు మిక్కిలి తక్కువ.

జీవశాస్త్రమును గూర్చి విస్తరింపము. నీటిమీద కప్పుకొనిన గుర్రపుడెక్క ఎందుకు అంత పెరిగినదను ప్రశ్నయే మురుగునీటి కథనంతయు చెప్పించును. మురుగులోని పోషకములు దానికి ఎరువు. ఆకులు వెలుగును అడ్డగించుటచేతను, కుళ్లిన మొక్కలచేతను నీటిలోని ప్రాణవాయువు తగ్గును. కొంగ, నీటికాకి, లకుముకిపిట్ట ఏ వేళ ఎచ్చట వాలినవో గుర్తించుట పిల్లలు మనము చెప్పకయే చేయుదురు.

ఇక తెలుగు. సాగునీటికి సంబంధించిన మాటలు ఈ మన్నున ఎంత సమృద్ధములో ఈ పత్రిక పాఠకులకు తెలియనిది కాదు. చెరువు, కుంట, వాగు, కట్ట, తూము, అలుగు, మత్తడి, గండి, పూడిక, శిఖము, ఆయకట్టు. తూము నీటిని పొలమునకు విడుచు ద్వారము. చెరువు నిండిన పిదప మిగులు నీరు తనంతతాను పొరలిపోవు కట్టడము అలుగు. తెలంగాణమున దానినే మత్తడి అనుట హెచ్చు. చెరువు నిండిన మేరకు మునుగు నేల శిఖము. చెరువునీటితో పారు పొలము ఆయకట్టు. నీటిని పంచి విడుచుటకు నియుక్తుడైన గ్రామసేవకుడు నీరటి. కట్టను కాచు దేవత కట్టమైసమ్మ. తెలంగాణమున ఏ చెరువుకట్టకు పోయినను ఆమె గుడి కానవచ్చును. ఈ మాటలలో ప్రతియొకటియు ఒక కట్టడమునకో, ఒక హక్కునకో, ఒక బాధ్యతకో గుర్తు. శిఖమున ఇల్లు కట్టరాదను నిషేధము చట్టములో ఉండుటకు ముందే మాటలో ఉన్నది.

ఆయకట్టు పోయిన పిదప ఆ మాట అన్న నోళ్లును ఒక్కొక్కటిగా పోవుచున్నవి. మత్తడి అన్న మాట ఎరుగని పిల్లవాడు మత్తడి త్రోవలో ఇల్లు కట్టబడినదని చూచియు గుర్తింపలేడు. మాట లేనందున కట్టడము కనబడదు. రాళ్లవరుసయు, దానిమీద పారు మురికినీరును మాత్రము కనబడును. మా ప్రశ్నకు సమాధానమునకై గొట్టముతో కొలుచుట ఎంత అవసరమో, ఈ మాట దొరకుటయు అంత అవసరము. 2022-23 విద్యాసంవత్సరము నుండి రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలోను క్రమముగా ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. ప్రైవేటు బడులలో అది ముందునుండి ఉన్నదే. భూగోళమును భౌతికమును ఆంగ్లమున చదువు బాలునకు మత్తడి అను మాట ఆ తరగతులలో ఎదురుపడదు. 2018 నాటి చట్టముచే ప్రతి బడిలోను తెలుగు బోధన అనివార్యమైనది గాన, ఆ మాట వినవచ్చు తావు తెలుగు తరగతి ఒక్కటియే మిగిలినది. ఆ తరగతియు దానిని విడిచినచో మరియొకటి లేదు.

మాటలను సేకరించుటకు మనకు మార్గదర్శకములు గలవు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములకు సంబంధించినది. ఊరూర తిరిగి, రైతులను అడిగి కూర్చినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్య బిరుదురాజు రామరాజు జానపదగేయములపై చేసిన పరిశోధనయు జనులనోట విని చేసినదే. తెలుగుశాఖలు క్షేత్రాధ్యయనమునకు కొత్తవి కావు. పరిశోధకుడు చేసిన పనిని కొలత తగ్గించి పదునాలుగేండ్ల పిల్లలచేత చేయించుటయే కావలసినది.

చేయించునపుడు రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది అడుగు తీరు. 'మత్తడి అనగానేమి?' అని కాగితము చేతబట్టి అడిగిన పెద్దలు వెనుకకు తగ్గుదురు, లేదా బడిభాషలో సమాధానము చెప్పుదురు. 'తాతా, చిన్నప్పుడు చెరువు నిండితే నీళ్లు ఎటు పోయేవి?' అని పిల్లవాడు తన మాటలో అడిగినచో ఆయన చేయి చాచి చూపుచు తన మాటలో చెప్పును. ఆ మాటను విన్నది విన్నట్లు వ్రాసికొనవలెను. దిద్దరాదు. వరుస కలిపి పిలుచుట ఈ సేకరణలో సగము పని. పాతబస్తీనుండియు, జిల్లాలనుండియు వచ్చి స్థిరపడినవారు ఈ కాలనీలలో పెక్కురు. వారివారి ఊళ్లలో అలుగునకు ఏమి పేరో అడిగినచో ఒకే వీథిలో మాండలికపటము తయారగును. ఉర్దూ మాట్లాడు ఇండ్లను విడువరాదు. చెరువును తాలాబ్ అని పిలిచిన తరములు ఇచటివే.

రెండవది వ్రాయు తీరు. ఇచట మన భాషలోనే ఒక చక్కని సాధనము గలదు. తెలుగున చూచినదానిని 'కట్ట తెగినది' అందుము. వినినదానిని 'కట్ట తెగినదట' అందుము. ఊహించినదానిని 'కట్ట తెగినది కాబోలు' అందుము. సాక్షి ఎవరను విషయమును వాక్యపు చివర ఒక్క మాటతో తెలుపగల ఈ సౌలభ్యమును వ్యాకరణపాఠమున అవ్యయములని చెప్పి దాటిపోవుచున్నాము. క్షేత్రమున విద్యార్థి వ్రాయు ప్రతి వాక్యమును ఈ మూడింటిలో ఏదో తేల్చుకొని వ్రాయవలెనని నియమము పెట్టినచో, శాస్త్రజ్ఞానమునకు మూలమైన వివేకము తెలుగు వాక్యములోనే అలవడును. 'నీరు ఆకుపచ్చగా ఉన్నది' అనునది మొదటి తెగ. '1626లో కట్టించినారట' అనునది రెండవది. 'అందుకే చేపలు తక్కువ కాబోలు' అనునది మూడవది; జీవశాస్త్రోపాధ్యాయుడు పరీక్షింపవలసినది దానినే. ఒక విద్యార్థి 'అట' అని వ్రాసినదానిని మరియొకడు కొలిచి 'అట'ను తీసివేయగలిగెనా, అది నాటి అధ్యయనమున ఫలితము. మేము ఈ పద్ధతిని కొందరు ఉపాధ్యాయులకు సూచించినపుడు, పిల్లలు దీనిని ఆటగా గైకొనిరనియు, ఒకరి వాక్యమున మరియొకరు 'అట' చేర్చుటకు పోటీపడిరనియు తెలిపిరి.

ఊరిపేర్లు ఈ అభ్యాసమునకు తగిన పంట. సరూర్‌నగర్ అను పేరు నిజాము మంత్రి అరస్తూజా ఇంటి స్త్రీయగు సరూర్ అఫ్జా బాయి పేరుమీదుగా వచ్చినదట. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడిని కూల్పవచ్చిన ఔరంగజేబు సేనకు 'మనసు దిటవు చేసికొని రమ్ము' అను అర్థమున 'కర్ మన్ ఘట్' అని వాణి వినబడినదట. రెండును అట వాక్యములే. రెండవది పేరు పుట్టిన పిదప పేరును విరిచి అల్లిన కథగా తోచుచున్నది. అట్లని దానిని పారవేయనక్కరలేదు. జనులు తమ ఊరిని గూర్చి ఏమి నమ్మగోరిరో అది చెప్పును. ఎల్బీనగర్‌లో లాల్ బహదూర్ శాస్త్రి దాగియున్నాడని ఎరుగని పిల్లలు అచటనే పెక్కురు. గూడ, పేట, నగర్, ఆబాద్ అని చివరలను వరుసగా వ్రాసి పటమున రంగులు వేసినచో ఎవరి కాలమున ఏ వైపు ఊరు పెరిగినదో కొంత స్ఫురించును. కొంత మాత్రమే. కొత్త కాలనీలు పాతపేర్లను చెరిపివేయుచున్నవి గాన ఈ ఆధారమును మితముగా వాడవలెను.

ఇదే ప్రాంతమున వేరు ప్రశ్నలకు వేరు తావులు గలవు. చైతన్యపురి వద్ద మూసీతీరమున, ఫణిగిరి గుట్టమీద, విష్ణుకుండినుల నాటి ప్రాకృతశాసనము బ్రాహ్మీలిపిలో రాతిపై చెక్కబడియున్నది. అది గోవిందరాజ విహారమను బౌద్ధవిహారమును పేర్కొనును. గోలకొండకు వెయ్యేండ్లకు పూర్వమే ఇచట జనపదము ఉండెనని పిల్లలకు చూపుటకు అంతకంటె దగ్గరి సాక్ష్యము లేదు. భిక్షువులు ఏటియొడ్డు గుట్టనే ఏల ఎన్నుకొనిరను ప్రశ్న మరల నీటిదగ్గరకే తెచ్చును. వనస్థలిపురమున 1975లో ఏర్పడిన మహావీర హరిణ వనస్థలి 14.59 చదరపు కిలోమీటర్లు, అనగా సుమారు 3,600 ఎకరములు. అచటి ముఖ్యజంతువు కృష్ణజింక. ఉమ్మడి రాష్ట్రమునకు అదియే రాష్ట్రజంతువు. 2014లో తెలంగాణము మచ్చలజింకను ఎన్నుకొనెను. రెండింటిని జింక అనియే పిలిచినను జాతులు వేరు. కృష్ణజింక కొమ్ములు మెలితిరిగి, కొమ్మలు లేక, జీవితాంతము నిలుచును. మచ్చలజింక కొమ్ములు కొమ్మలు వేసి, రాలి, మరల మొలచును. ఇర్రి, లేడి, దుప్పి, కణుజు అను మాటలు మనకు ఉండగా అన్నింటిని జింకలో ముంచుట పట్టణభాష చేసిన నష్టము. ఆ మాటలను పట్టుకొని జంతువులను వేరుచేయుట ఒక పూటకు చాలిన పని.

ఆక్షేపణలు లేకపోలేదు. కాలము చాలదందురు. మా సూచన సంవత్సరమునకు రెండు దినములు, వానికి ముందు వెనుకల నాలుగైదు పీరియడ్లు మాత్రమే. పదవతరగతి పరీక్షకు ఇది పనికిరాదందురు. నిర్మాణాత్మక మూల్యాంకనమున ప్రాజెక్టు పనులను చేర్చిన నాటినుండి ఆ మాటకు బలము తగ్గినది. అంగడిలో అమ్ము పటములను అంటించి ప్రాజెక్టులని సమర్పించుటకంటె ఇది కష్టమైనదను ఆక్షేపణ ఒకటి మిగులును. దానిని మేము కాదనము. మూడవ ఆక్షేపణయే బరువైనది: నీటి యొద్దకు పిల్లలను కొనిపోవుట అపాయకరమందురు. ఇది నిజము. కట్టమీదనే నిలుపవలెను, నీటిలోనికి దింపరాదు. నీటిని నమూనాకు తీయుట ఉపాధ్యాయుని పని. ఇరువదిమందికి ఇద్దరు పెద్దలు తక్కువ గారాదు. చెరువు నిర్వాహకుల అనుమతిని, తల్లిదండ్రుల సమ్మతిని ముందుగా వ్రాతమూలకముగా గైకొనవలెను.

దినముల ఎన్నికకు వానలే ప్రమాణము. జూను మధ్యమున బడులు తెరచిన వెంటనే, వానలు ముదురకమునుపు, మొదటి సందర్శనము. నీరు తగ్గియుండును గాన కట్టరాళ్లు, తూము, మత్తడి తేటగా కానవచ్చును. వాలుకొలతలు అప్పుడే తీయవలెను. దసరా సెలవుల పిదప రెండవది. గణేశ నిమజ్జనము, బతుకమ్మ పండుగ కడచి, వానలు వెనుదీయు వేళ నీరెంత పైకి వచ్చెనో అవే గుర్తులయొద్ద చూడవచ్చును. రెండింటి నడుమ పిల్లలు తమతమ వీథులలో 2020 నాటి నీటిమరక గోడలమీద ఎచ్చటనైన మిగిలినదేమో ఇంటివారినడిగి, నేలనుండి ఎత్తు కొలిచి వ్రాసికొందురు. పెద్దవాన కురిసిన మరునాడు ఎట్టి పరిస్థితిలోను కట్టకు పోరాదు. ఆనాడు ఇంటి గుమ్మమునుండియే, వీథిలో నీరు ఎటు పారుచున్నదో చూచి వ్రాయుట చాలును. ఒక తరగతి నింపిన పుస్తకములను బీరువాలో బంధింపక మరుసటి యేటి తరగతికి అప్పగింపవలెను. వారు చేయవలసిన మొదటి పని ఆ పుస్తకములలోని 'అట'లన్నింటిని ఏరి ఒక పట్టిక వ్రాయుట.